మోకాలి మీద గొడుగులు

ఆ రోజు సర్వేయరు సెలవు పెట్టింది ఇంట్లో కూచుని ఏ పనీ చెయ్యకుండా ఉండడానికి. ఇది అతని ఆలోచన కాదు, అతని భార్య ఆజ్ఞ. పదకొండింటికి మ్యూజియం నుంచి ఒకావిడ వస్తుంది, తలుపు తియ్యాలి, కూర్చోమనాలి, కాఫీ తాగుతారా అని అడగాలి. అంతవరకే అతని డ్యూటీ. భార్య పళ్ళ డాక్టరు. ఆమె కూడా ఇంట్లోనే ఉండాల్సింది గాని, ఎవరికో దవడ వాచిపోయి పొద్దున్నుంచీ ఫోను మీద ఫోను రావడంతో, ఒక్క పన్ను పీకేసి వచ్చేస్తానని బయల్దేరింది. చెప్పులు వేసుకుంటూ ఇంకోసారి హెచ్చరించింది.

"నేను వచ్చేదాకా ఆ పెట్టె జోలికి వెళ్ళకండి. మీరు ఏమీ చెయ్యకుండా ఉంటే అదే నాకు పెద్ద సాయం."

పెట్టెలో ఉన్నది ఒక పట్టు స్కార్ఫు. డాక్టరమ్మకు పాతకాలపు డిజైనరు స్కార్ఫుల పిచ్చి. ఆమె ముందు పిచ్చి అనకూడదు, సేకరణ అనాలి. ఊళ్ళో పాత సామాన్ల దుకాణం ఏది కనిపించినా లోపలికి దూరిపోయేది. ఎవరింట్లోనైనా పెద్దావిడ బీరువా సర్దుతోందని తెలిస్తే పిలవకపోయినా వెళ్ళేది. తెచ్చినవాటిని పల్చటి కాగితంలో చుట్టి సొరుగుల్లో పడుకోబెట్టేది. ఒకే మడత మీద ఎక్కువ రోజులుంటే పట్టు చిట్లుతుందట, అందుకని ప్రతి ఆదివారం గ్లవ్స్ వేసుకుని మడతలు మార్చేది. భర్త చొక్కాల మడతల గురించి ఆమె ఏనాడూ ఇంత బెంగ పెట్టుకోలేదు.

వాటన్నిట్లోకీ రత్నం, ఆ పెట్టెలో ఉన్న గొడుగుల స్కార్ఫు. నీలం రంగు పట్టు మీద రంగురంగుల గొడుగులు గాలికి ఎగిరిపోతుంటాయి. మూల ఎప్పుడో పోయిన డిజైనరు సంతకం ఉంటుంది. మ్యూజియంవాళ్ళు పాత స్కార్ఫులన్నీ కలిపి ఒక ప్రదర్శన పెడుతున్నారు. గొడుగులవి ఇంకా ఇద్దరు ముగ్గురి దగ్గర ఉన్నాయి గాని, మ్యూజియంలో వేలాడదీసేది ఒక్కటే. మీదీ వచ్చి చూస్తామని కబురు వచ్చిన రోజు డాక్టరమ్మ ఆ సంతోషం పట్టలేక, కుర్చీలో నోరు తెరుచుకుని కూచున్న పేషెంటుకి చెప్పుకుంది. పాపం అతను ఊఁ కొట్టడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. గాజు వెనక తన స్కార్ఫు, దాని కింద తన పేరు. ఆమె ఇన్నేళ్ళుగా కలగన్నది ఆ ఒక్కదాని గురించే.

ఈ సంగతి సర్వేయరుకి బాగా తెలుసు. అందుకే 'ఏమీ చెయ్యకుండా ఉంటే సాయం' అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె సేకరణలో తను వేలు పెట్టింది లేదు. ఇవాళైనా ఒక చెయ్యి వెయ్యకపోతే మనిషి జన్మ ఎందుకు అనుకున్నాడు. చూస్తే తప్పేముంది అని పెట్టె మూత తీశాడు.

చూడ్డం ఎందుకు చూశాడో గాని, ఇక అతని మనసు మనసులో లేదు. సర్వేయరు ఉద్యోగం చేసీ చేసీ, మనిషిలో వంకరుంటే ఓర్చుకుంటాడు గాని గీతలో వంకరుంటే ఓర్చుకోలేడు. స్కార్ఫు అంచులు నాలుగూ సన్నటి తాళ్ళలాగా చుట్టుకుపోయి ఉన్నాయి. పాపం, ఎంత పని ఒత్తిడో, ఇది చూసుకోలేదు అని భార్య మీద జాలిపడ్డాడు. ఇస్త్రీపెట్టె తెచ్చాడు. మొరటు మనిషేం కాదు, వేడి బాగా తగ్గించాడు, పైన తడి రుమాలు పరిచాడు. నాలుగు అంచులూ కాగితంలా అణిగిపోయేదాకా ఓపిగ్గా అదిమాడు. చివర్న రూళ్ళకర్ర పెట్టి కూడా చూసుకున్నాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశానన్న తృప్తి కలిగింది.

ఆ తృప్తి ఫోను మోగేదాకా ఉంది. చేసింది మ్యూజియం ఆవిడ. డాక్టరుగారు ఫోను ఎత్తడం లేదని ఇంటికి చేసిందట. దారిలోనే ఉన్నానని, కాస్త ముందే వస్తానని చెప్పి, ఇంకో మాట అడిగింది.

"అంచులు బాగున్నాయి కదండీ? చేత్తో చుట్టి కుట్టిన అంచు, గుండ్రంగా ఉండాలి. చాలామంది తెలీక ఇస్త్రీ చేసి చంపేస్తారు. నేను ముందు చూసేది అదే."

సర్వేయరు ఇస్త్రీపెట్టె కేసి చూశాడు. అంచులు తిన్నగా ఉన్నాయండీ అని మాత్రం అనగలిగాడు. తిన్నగా అంటే ఏమిటని ఆవిడ అడుగుతుంటే, మాట వినపడనట్టు రెండుసార్లు హలో హలో అని ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత కాళ్ళూ చేతులూ ఆడలేదు. ముందు ఆవిరి పడితే అంచు ఉబ్బుతుందేమో అనిపించి, కెటిల్లో నీళ్ళు మరిగించి దాని మీద స్కార్ఫు పట్టుకున్నాడు. అంచు ఉబ్బలేదు గాని, పసుపుపచ్చ గొడుగు మీద ఒక నీళ్ళ మరక తేలింది. దాన్ని ఊదాడు, విసిరాడు, ఫ్యాను కింద పట్టుకున్నాడు. లాభం లేదని తెలిశాక స్కార్ఫుని సంచిలో వేసుకుని వీధి చివర టైలరు దగ్గరికి పరుగెత్తాడు.

ఆ టైలరుకి ప్యాంట్ల పొడుగు తగ్గించడంలో మంచి పేరుంది. స్కార్ఫు అతని చేతిలో పెట్టి, ఈ అంచు మళ్ళీ లావెక్కాలి, తొందరగా కావాలి అని సర్వేయరు రొప్పుతూ చెప్పాడు.

"అందరూ సన్నబడాలని వస్తారు సార్, మీరొక్కరే లావెక్కాలంటున్నారు" అన్నాడు టైలరు.

మళ్ళీ చుట్టాలంటే ఉన్న కుట్టు విప్పాలి అంటూనే బ్లేడు తీసి, సర్వేయరు ఆగమనేలోపు ఒక అంచు మొత్తం సర్రున విప్పేశాడు. విప్పాక తీరిగ్గా చెప్పాడు, చేత్తో చుట్టి కుట్టే పని తనకు రాదని, కుట్టే మనిషి పెళ్ళికి వెళ్ళిందని, మిషను మీదైతే ఇప్పుడే ఇచ్చేస్తానని. సర్వేయరు గోడ గడియారం కేసి చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో ఒకటి చెయ్యవయ్యా అని స్కార్ఫు అక్కడే వదిలేసి ఇంటికి పరుగు తీశాడు.

ఇంటికి వచ్చేసరికి, వాళ్ళ దగ్గరే ఉండే అత్తగారు స్నానం చేస్తున్నారు. స్నానాల గది బయట కుర్చీ మీద ఆవిడ మోకాలి గుడ్డ వేలాడుతోంది. దాన్ని చూసి సర్వేయరు నిలువునా ఆగిపోయాడు. నీలం రంగు. దాని మీద ఎగిరిపోతున్న గొడుగులు.

అదీ ఒకప్పుడు డాక్టరమ్మ తెచ్చిందే. సేకరణ మొదలుపెట్టిన కొత్తల్లో, పాత బట్టల మూటలో దొరికితే ఎగిరి గంతేసినంత పని చేసింది. తీరా చూస్తే మధ్యలో ఎర్ర గొడుక్కి పిడి లేదు. మిగతా గొడుగులన్నిటికీ ఉంది, దానికి లేదు. అసలు డిజైనరు అలాంటి తప్పు చెయ్యడు, ఇదెవరో వేసిన దొంగ సరుకు అని తేల్చేసి తల్లికి ఇచ్చేసింది. అప్పట్నుంచీ ఆవిడ మోకాలికి నొప్పి మందు రాసుకుని దాంతో కట్టు కట్టుకుంటున్నారు.

సర్వేయరు గుడ్డని తడిమి చూశాడు. అంచులు గుండ్రంగా, నిండుగా, కొత్త తాడులా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఎర్ర గొడుగు లోపలికి పోయేట్టు మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. నొప్పి మందు వాసన గుప్పుమంటుంటే దాని మీద భార్య సెంటు కొట్టాడు. ఇప్పుడు మందూ సెంటూ కలిసి ఆసుపత్రిలో పెళ్ళి జరుగుతున్నట్టుంది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఇద్దరున్నారు. మ్యూజియం ఆవిడా డాక్టరమ్మా గేటు దగ్గరే కలుసుకున్నారట, నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, పెట్టె బల్ల మీద పెట్టి మూత తీసింది. మూత తియ్యగానే వాసన వచ్చింది. ఆమె ముక్కు ఒకసారి ఎగిరింది. తలెత్తి భర్త కేసి చూసింది. అది పన్ను పీకే ముందు పేషెంటుని చూసే చూపు. సర్వేయరు కాఫీ తాగుతారా అని అడిగాడు.

మ్యూజియం ఆవిడ భూతద్దం తీసి ముందు అంచే చూసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకి మెల్లగా జరుపుతూ పోయింది. ఎన్నో చూశాను గాని ఇలా ఇస్త్రీ సోకని అంచు చూడలేదని మెచ్చుకుంది. డాక్టరమ్మ పెదాలు బిగించుకుని నిలబడింది. ఆవిడ మడత విప్పబోయింది. ఇంకో మడత విప్పితే ఎర్ర గొడుగు బయటపడుతుంది. అప్పుడు డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. ఇది అసలుది కాదు. అసలుదని చెప్పి మీకు చూపించడం నాకిష్టం లేదు."

ఆ మాట అని ఆమె గ్లవ్స్ తీసేసింది. సర్వేయరుకి అప్పుడు నిజంగా సిగ్గేసింది. ఆమె కలని తను ఇస్త్రీ చేసి, ఆవిరి పట్టి, బ్లేడుతో కోయించి, చివరికి ఆమె పేరుకి కూడా మచ్చ తేబోయాడు. "మా ఆవిడకేం తెలీదండీ, ఇందులో పెట్టింది నేను. అసలుదాన్ని పాడుచేసింది కూడా నేనే" అన్నాడు. అని తల వంచుకున్నాడు.

మ్యూజియం ఆవిడ వీళ్ళిద్దరి మాటా విన్నట్టు లేదు. ఈలోపు మడత విప్పేసింది. ఎర్ర గొడుగు కేసి అలాగే చూస్తూ, కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూలబడింది.

"దీనికి పిడి లేదు" అంది.

"లేదు. అందుకే దొంగ సరుకన్నాను" అంది డాక్టరమ్మ.

"దొంగ సరుకు వేసేవాళ్ళు మంచిదాన్ని చూసి వేస్తారు కదండీ, పిడి ఎందుకు మానేస్తారు? ఇది మొదటి అచ్చు. అప్పుడు పిడి మర్చిపోయారు. కాసిని అమ్ముడయ్యాక గాని ఎవరూ చూసుకోలేదు. తర్వాత దిద్దుకున్నారు. దిద్దినవి నేను కావలసినన్ని చూశాను. ఇది ఉందని వినడమే గాని, కంటితో చూడ్డం ఇదే."

డాక్టరమ్మ ఇంకో కుర్చీలో కూలబడింది. సర్వేయరుకి కూర్చోవాలనే ఉంది గాని ఇంకా శిక్ష పడలేదు కదా అని నిలబడే ఉన్నాడు. సరిగ్గా అప్పుడు అత్తగారు గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చారు.

"అల్లుడుగారూ, నా మోకాలి గుడ్డ ఎక్కడైనా చూశారా? కుర్చీ మీద పెట్టి స్నానానికి వెళ్ళాను." అంతలో బల్ల మీద చూశారు. "ఇదిగో, ఇక్కడుంది. సెంటెవరు కొట్టారు దీనికి?"

మ్యూజియం ఆవిడ లేచి నిలబడి, అంచు ఇంత బాగా ఎలా కాపాడారమ్మా అని ఎంతో గౌరవంగా అడిగింది. అందులో కాపాడ్డానికేముంది, చల్లనీళ్ళలో జాడించి నీడన ఆరేస్తానని అత్తగారు చెప్పారు. అంచు లావుగా ఉంటే మోకాలిని పట్టుకుంటుందట. చదునైతే జారిపోతుందట. ఒకసారి అల్లుడుగారు ఇస్త్రీ చేసిపెడతానని వెంటపడితే దాచేసుకున్నారట. ఇదంతా చెప్పి గుడ్డకోసం చెయ్యి చాచారు. మ్యూజియం ఆవిడ ఇవ్వలేదు. అత్తగారూ చెయ్యి దించలేదు. మీ స్కార్ఫు మ్యూజియంలో పెడతామమ్మా అంటే, మరి నా మోకాలు ఎక్కడ పెట్టుకోనన్నారు.

డాక్టరమ్మ తల్లి భుజం మీద చెయ్యి వేసి, గొడుగులది ఇంకోటి నా దగ్గరుంది, అది నీకే ఇచ్చేస్తాను అని బతిమాలింది. తల్లి ఏదీ చూపించమన్నారు. డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. మ్యూజియం ఆవిడా తిరిగింది. సర్వేయరుకి భూమి చీలితే బాగుండుననిపించింది.

వెతికే శ్రమ లేకుండా టైలరే తలుపు తోసుకుని వచ్చాడు. తొందరన్నారని స్వయంగా తెచ్చాడట. స్కార్ఫు విప్పి రెండు చేతులా పట్టుకుని చూపించాడు. ఒక అంచు విప్పాక మిగతా మూడూ వేరేగా కనిపిస్తున్నాయని అవీ విప్పేశాడట. నాలుగు వైపులా మిషను కుట్టు వేసి, ఊరికే ఉంటే బోసిగా ఉందని తెల్ల లేసు కూడా పెట్టాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. సర్వేయరు మాత్రం, తనకు తెలీకుండానే, కుట్టు చాలా తిన్నగా వచ్చిందయ్యా అన్నాడు. ఆ మాటకి ఆ ఇంట్లో చాలా రోజులు అతనితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ప్రదర్శన మొదలైన రోజు ముగ్గురూ కలిసి వెళ్ళారు. మధ్య గోడ మీద గాజు వెనక పిడి లేని గొడుగు ఎగురుతోంది. కింద చీటీ మీద డాక్టరమ్మ పేరు, దాని పక్కన ఆమె తల్లి పేరు ఉన్నాయి. డాక్టరమ్మ ఆ చీటీ మళ్ళీ మళ్ళీ చదువుకుని కళ్ళు తుడుచుకుంది. మెట్లన్నీ ఎక్కి వచ్చిన అత్తగారికి మోకాలు పట్టేసింది. లేసు పెట్టిన కొత్త కట్టు జారి చీలమండ దగ్గరికి వచ్చింది. ఆవిడ కాపలా అతన్ని పిలిచి, ఆ గాజు ఒక్క నిమిషం తియ్యి నాయనా, అది నాదే అని అడిగారు. అతను తియ్యలేదు గాని, కూర్చోడానికి తన స్టూలు ఇచ్చాడు.

సర్వేయరు కాస్త వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూశాడు. చట్రం కుడివైపు కొంచెం దిగింది. వెంట్రుకవాసే గాని దిగింది. అతను ఒక అడుగు ముందుకు వెయ్యగానే డాక్టరమ్మ తల తిప్పకుండానే అతని చెయ్యి పట్టుకుంది. బయటికి వచ్చేదాకా వదల్లేదు. చూసినవాళ్ళు ఎంత అన్యోన్యమైన దంపతులో అనుకున్నారు.