బావమరిదిని చంపాల్సిన రోజు

ఆ ఉదయం చిత్రకారుడికి ఉన్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా రోమన్ చక్రవర్తిని చంపి, ఆ పేజీని పత్రికాఫీసుకు పంపించెయ్యాలి. వారం వారం వచ్చే ఆ బొమ్మల కథలో చక్రవర్తి పన్నులు పెంచీ పెంచీ ప్రజల ఉసురు పోసుకున్నాడు. ఈ వారం నిండు సభలో పెద్దలంతా కలిసి అతన్ని పొడిచేస్తారు. ఏళ్ల తరబడి కిరీటాలూ కవచాలూ గీసి విసిగిపోయిన చిత్రకారుడికి కొత్త ముఖాలు ఊహించే ఓపిక ఎప్పుడో పోయింది. అందుకే గుట్టు చప్పుడు కాకుండా అత్తవారింటి ముఖాలు వాడుకుంటున్నాడు. చక్రవర్తికి పెట్టింది బావమరిది ముఖం.

టీ పట్టుకొచ్చిన భార్య బల్ల మీదికి వంగి చూసింది. కప్పు కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయింది.

"ఈ చచ్చేవాడు మా తమ్ముడు కదూ?"

"రోమ్ చక్రవర్తి."

"ఆ రెండు మడతల గడ్డం మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. రేపు వాడికి కిడ్నీలో రాయి తీస్తుంటే, సరిగ్గా ఆ రాయి ఉన్నచోటే కత్తి దించారా?"

వాదించే శక్తి లేక అతను రబ్బరు అందుకున్నాడు. గురి తప్పించి, కత్తిని పక్కనున్న సేనాపతికి దించాడు. ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

"మా నాన్నేం చేశాడు మీకు?"

సేనాపతీ బతికిపోయాడు. మధ్యాహ్నానికి ఆ సభలో ఎవరికీ చిన్న గీటు కూడా లేదు. చక్రవర్తి కుట్రదారులను కౌగిలించుకుంటున్నాడు. ఇక తప్పదని చిత్రకారుడు సంపాదకుడికి ఫోన్ చేశాడు.

"సార్, చక్రవర్తి ఈ వారం చావడం లేదు."

"వచ్చేవారం అట్ట అచ్చయిపోయిందండీ. దాని మీద ఆయన శవయాత్ర. శవం లేకుండా వాళ్లు దేన్ని మోస్తారు?"

"ఇంట్లో ఒప్పుకోవడం లేదు సార్."

"కత్తి వద్దంటే జ్వరంతో పొమ్మనండి. సాయంత్రానికి పేజీ రాకపోతే, ఇకమీద వేరే ఆయనతో గీయించుకుంటా."

చిత్రకారుడు కొత్త కాగితం తీసి చక్రవర్తిని మంచమెక్కించాడు. అన్నానికి పిలవడానికొచ్చిన భార్య అదీ చూసింది.

"మంచం, చుట్టూ డాక్టర్లు. దీనికంటే ఆ కత్తే నయం," అని కళ్లు ఒత్తుకుంది.

ఆ కాగితమూ నేల మీదికే పోయింది. రబ్బరు పొడి దులుపుకునే ఓపిక కూడా లేక అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళుతూ, అక్కకు చెప్పి పోదామని బావమరిది సంచితో వచ్చాడు. మునిసిపాలిటీలో ఇంటి పన్నులు వసూలు చేసే ఉద్యోగం అతనిది. నేల మీది కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశాడు.

"చంపడం మానేశారా బావగారూ?" అన్నాడు నీరసంగా.

"అది నువ్వేనని నీకు తెలుసా?"

"ఊళ్లో అందరికీ తెలుసు. ఏ తలుపు తట్టినా 'చక్రవర్తి పన్నుకొచ్చాడు' అంటున్నారు. ఆఫీసులో నేను అడుగుపెడితే లేచి నిలబడి దణ్ణాలు పెడుతున్నారు. పోయినవారం బొమ్మల్లో ఆ సభలో పెద్దలు కత్తులు నూరడం చూసి, ఇక పీడ విరగడవుతుందని ఎంత సంబరపడ్డానో. మీకు పుణ్యముంటుంది, నన్ను చంపెయ్యండి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా," అంటూ అక్క తనే చాప పరిచింది.

బావమరిది చక్రవర్తిలా దుప్పటి చుట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. చిత్రకారుడు మళ్లీ పెన్సిల్ పట్టాడు. భార్య అతని వెనకే నిలబడింది.

"ఆ కత్తి సరిగా దిగినట్టు లేదండీ. ఇంకాస్త లోపలికి పోనివ్వండి."

"కావాలంటే ఎడంవైపు కూడా ఒకటి వెయ్యండి," అంది శవం.

చీకటి పడేవేళకు పేజీ ఆఫీసు చేరింది. సంపాదకుడికి హత్య బాగా నచ్చింది. చచ్చినవాడి ముఖంలో అంత హాయి ఎందుకో మాత్రం అర్థం కాలేదు.