నలభై డాలర్ల ధనవంతుడు

నలభై డాలర్లు ఊరికే దొరికినవాడు ధనవంతుడే! కాదంటే మీరు అమెరికా పన్నుల చట్టం చదవలేదన్నమాట. నేను చదివాను. చదివి ఆనందబాష్పాలు రాల్చాను.

నమ్మరా? మా నెబ్రాస్కాలో పొలాల ఇళ్లకు గ్యాస్ లారీ తోలే ఆర్విల్ హ్రుష్కా సంగతి వినండి. ఏటా ఏప్రిల్ గడువులోగా తన సొంత రిటైర్మెంట్ ఖాతాలో కొంత వేసుకునేవాడు. వేసినంత మేర ఆదాయానికి పన్ను మినహాయింపు. అలా మిగిలిన డబ్బుతో అతనూ, భార్య ట్వైలా వేసవిలో సరస్సు ఒడ్డున వారం రోజులు చేపలు పట్టేవాళ్లు. ఎంత విచ్చలవిడితనం! చట్టం చూస్తూ ఊరుకుంటుందా?

నిరుడు డిసెంబరులో ఆర్విల్ యజమాని మైరన్‌కు మనసు కరిగింది. కంపెనీ తరఫున రిటైర్మెంట్ పథకం పెట్టి, పనివాళ్లకు తలా నలభై డాలర్లు వేశాడు. అందరి భుజాలూ తట్టాడు. ఆర్విల్ పొంగిపోయాడు పాపం!

మార్చిలో పన్నుల లెక్కలు చూసే ఇర్మా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీకిప్పుడు ఆఫీసు పథకం ఉంది. పైగా మీ ఆలుమగల జీతాలు కలిపితే, పథకం ఉన్నవాళ్లకు చట్టం గీసిన గీత దాటాయి. నీ ఖాతాకిక మినహాయింపు లేదు నాయనా!"

"నలభై డాలర్లకా?"

"నాలుగు డాలర్లయినా అంతే."

చూశారా సమదృష్టి! లక్షలు పుచ్చుకున్న దొరనూ, నలభై పుచ్చుకున్న డ్రైవరునూ ఒకే కంటితో చూసే చట్టం ఇంకెక్కడుంది?

ఆర్విల్ తిన్నగా మైరన్ దగ్గరికెళ్లాడు. "మీకు పుణ్యముంటుంది, ఆ నలభై వెనక్కి తీసుకోండి!"

మైరన్ మొహం మాడిపోయింది. "జీతం పెంచమని ఏడ్చినవాళ్లను చూశాను గానీ, ఇచ్చింది తీసుకోమని ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నా! అయినా పడింది పడ్డట్టే. వెనక్కి రాదట."

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరికీ మాటల్లేవు. పనివేళల్లో కబుర్లు తగ్గాయి. ఇదీ చట్టం చలవే కదా!

అసలు వరం ముందుంది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ట్వైలాకు ఆఫీసు పథకమేమీ లేదు. అలాంటివాళ్లకు గీత ఇంకా చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి అదే డబ్బు ఆమె పేర వేస్తే మినహాయింపు నిక్షేపంగా వస్తుందని ఇర్మా చెప్పింది. ఒకే సంసారం, ఒకే డబ్బు! మొగుడి పేరైతే పన్ను, పెళ్లాం పేరైతే మాఫీ!

ఆర్విల్ నీళ్లు నములుతూ ఇంటికొచ్చి విషయం చెప్పాడు.

"ఇన్నేళ్లూ నీ పేరే రాసుకున్నావు. ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది ట్వైలా.

"నువ్వెప్పుడూ నా గుండెల్లోనే ఉన్నావే!"

"గుండెల్లో తర్వాత. ముందు బ్యాంకులో ఉండనీ. రేపు ముసలాడివయ్యాక చేతిఖర్చుకు నన్నడగాలి. మర్యాదగా!"

వేసవిలో సరస్సుకు వెళ్లనే వెళ్లారు. పడవ మాత్రం ట్వైలా నడిపింది. చెప్పండి, ఏ సంఘసంస్కర్త చేయగలడీ పని?

ఇంత మేలు పొందిన జనం ఎంత జ్ఞానులయ్యారో మొన్న క్రిస్మస్‌కు తెలిసింది. మైరన్ మళ్లీ మనసు కరిగి, పొగబెట్టిన పంది తొడలు తెచ్చి తలా ఒకటి ఇవ్వబోయాడు. పనివాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి జరిగారు! చేయి చాస్తే ఏ మినహాయింపు ఊడుతుందో ఎవడికి తెలుసు?

చివరికి ఆర్విల్ గొంతు సవరించుకున్నాడు. "ఇది తీసుకుంటే నాకేం పోతుంది?"

"నీ నడుము పోతుందిరా! పట్టుకో!" అని కసిరాడు మైరన్.

ఆర్విల్ రెండు చేతులా అందుకున్నాడు. ఈసారి గీత దాటారో లేదో చూడ్డానికి ట్వైలా జీతమెంతని ఎవరూ అడగలేదు. నిరుటి డిసెంబరు తర్వాత ఆర్విల్, మైరన్ కలిసి నవ్వింది అప్పుడే.