కొత్త కంప్యూటరుకు ప్రార్థన

ఆ శనివారం ఉదయం జోయల్ అనుకున్న పని చిన్నదే. కొత్త కంప్యూటరులో ఒక పిలుపు టైపు చేయాలి, వీధిలో అందరికీ పంపాలి, సాయంత్రం పాస్టరుగారి చేత ఆ కంప్యూటరుకు ప్రార్థన చేయించాలి. ఏర్పేడులో వాళ్ల చర్చివాళ్లు బండి కొన్నా, బోరుకు మోటారు కొన్నా ప్రార్థన పెడతారు. వచ్చినవాళ్లు ఒక గంట కూర్చుని పోతారు. జోయల్‌కు కావలసింది ఆ గంటే. పెళ్లి మాట వాయిదా వేస్తూ వేస్తూ అరవై దాటేసింది. శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగమూ అయిపోయింది. పాత కంప్యూటరుకు పెద్ద జబ్బేమీ లేదు. ఇంటికి మనుషులను పిలవడానికి వేరే కారణం దొరక్క కొత్తది కొన్నాడు.

దాన్ని బిగించిన ఢిల్లీబాబు పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "అన్నా, నీ విండోస్ లైసెన్సు ఒక్క కంప్యూటరుకే. పాతదాంట్లో తీసేసి, దాన్ని ఆపేసినాకనే దీంట్లోకి మార్చాల. ఆపేసి నాకు ఫోన్ చెయ్యి."

జోయల్ పాతదాన్ని ఆపలేదు. ఆపితే దాని ఫ్యాను గరగర కూడా ఆగిపోతుంది. ఆ ఇంట్లో తన గొంతు కాక వినబడే చప్పుడు అదొక్కటే.

సాయంత్రం ప్రార్థన, తర్వాత టీ అని పిలుపు టైపు చేశాడు. దాన్ని ఫోనులోకి ఎట్లా ఎక్కించాలో తెలియక, తెరనే ఫోనుతో ఫొటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తెర కింద మూలన మసక అక్షరాలు ఉన్నాయి: "విండోస్‌ను యాక్టివేట్ చేయండి. సెట్టింగులలోకి వెళ్లండి." కంపెనీవాళ్ల రాతేమో అనుకుని వదిలేశాడు.

ఎదురింటి శకుంతలమ్మ వదల్లేదు. పది నిమిషాల్లో ఆమె గొంతు గ్రూపులో మోగింది. "జోయలన్న ఫోను దొంగలు పట్టినారు. సెట్టింగుల్లోకి పొమ్మంటాండారు. ఎవురూ పోబాకండి. టీ ఇస్తామన్నా పోబాకండి."

"అది నేనే పంపినాను," అని జోయల్ గ్రూపులో రాశాడు.

"దొంగ కూడా అట్లనే అంటాడు," అని ఎవరో జవాబిచ్చారు. కాసేపటికి అతన్ని గ్రూపులోంచే తీసేశారు. పాస్టరుగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వీధి దాటి శకుంతలమ్మ కిటికీ దగ్గరికి పోయాడు. ఆమె తలుపు తీయలేదు.

"నాకేం కాలేదు శకుంతలమ్మా."

"నీకు తెలీదులే అన్నా. పోలీసులకు కంప్లైంటు ఇచ్చేసినా. వాళ్లొచ్చేదాకా ఇంట్లోనే ఉండు. ఏదీ ముట్టుకోబాక."

సాయంత్రం కుర్చీలు వేశాడు. ఫ్లాస్కులో టీ, పళ్లెంలో మిక్చరు. ఎవరూ రాలేదు. కుర్చీలు దూరంగా ఉన్నాయేమోనని దగ్గరగా జరిపాడు. మళ్లీ దూరంగా జరిపాడు.

అంతలో జీపు వచ్చి ఆగింది. కానిస్టేబుల్ సునీల్‌కుమార్ దిగాడు. దొంగను చూద్దామని వీధి వీధంతా అతని వెనకే లోపలికి వచ్చింది. గోల విని పాస్టరుగారు కూడా వచ్చారు. కుర్చీలు చాలలేదు.

"యాడ ఉండాడు?" అన్నాడు కానిస్టేబుల్.

"ఈడ ఉండేది నేనొక్కడినే సార్."

ఢిల్లీబాబు జనాన్ని తోసుకుని వచ్చి తెర చూశాడు. "దొంగా లేడు, ఏమీ లేదు సార్. లైసెన్సు మార్చలేదు, అందుకే ఆ రాత." తర్వాత మూలకు చూశాడు. "అన్నా, ఆపమంటే పాతది ఇంకా ఎందుకు తిరుగుతాండాది?"

జోయల్ అందరి మొహాలూ చూశాడు.

"చప్పుడు కోసరం," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. శకుంతలమ్మ గబగబా ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసుల్లో టీ పోయసాగింది. "ఏందప్పా అందరూ నిలబడుకోనుండారు? కూర్చోండి. సార్, మీరూ."

"ఆపెయ్ బాబూ," అన్నాడు జోయల్.

ఢిల్లీబాబు పాతదాంట్లో లైసెన్సు తీసేసి దాన్ని ఆపాడు. కొత్తదాంట్లో ఆ లైసెన్సు నంబరు కొట్టాడు. మసక అక్షరాలు పోయాయి. ఫ్యాను ఆగిన సంగతి ఆ జనం మాటల్లో జోయల్‌కు తెలియనే లేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కానిస్టేబుల్ టోపీ తీసి తల వంచాడు. గంట అనుకున్నది రెండు గంటలు సాగింది. మిక్చరు కూడా అయిపోయింది.

అందరూ పోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. జోయల్ ఢిల్లీబాబుకు ఫోన్ చేశాడు.

"బాబూ, ప్రింటరు మారిస్తే లైసెన్సు మళ్లీ మార్చాల్నా?"

"అక్కర్లేదన్నా. లోపలుండే పెద్ద బోర్డు, మదర్‌బోర్డు మారిస్తేనే."

మదర్‌బోర్డు ఎన్నాళ్లకు పాడవుతుందని జోయల్ ఖాళీ కుర్చీలు చూస్తూ అడిగాడు.