అరవై నాలుగుకు తక్కువైతే బండి కదలనట్టే

మనిషి చక్రాన్ని కనిపెట్టిన రోజే బురదనూ చప్పుడునూ కూడా కనిపెట్టాడు. చక్రానికి పేరొచ్చింది. మిగతా రెండింటికీ ఆఫీసులొచ్చాయి.

ఈ కార్ల కంపెనీలో ఆ రెండు ఆఫీసులూ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉంటాయి. ఎడమవైపు బురద నివారణ విభాగం, కుడివైపు చప్పుడు నివారణ విభాగం. మొదటిదాని గోడల నిండా మట్టి మరకలు. రెండోదాని తలుపు తీస్తే వరండా అంతా కీచుమంటుంది. (తలుపు బందులకు నూనె వెయ్యడం భవనాల విభాగం పని. ఈ విషయమై చప్పుడు విభాగం ఇప్పటికి పదకొండు లేఖలు రాసింది, చాలా మెత్తటి భాషలో.)

ఈ రెండు తలుపుల మధ్య మూడు నెలలుగా చెప్పులరగదీస్తున్న ఇంజనీరును కంపెనీలో అందరూ తొడుగమ్మ అంటారు. చక్రాల గూటికి లోపలి తొడుగు గీయడం ఆవిడ పని. కారు టైరు పైన రేకు వంపు తిరిగి ఉంటుంది కదా, వంగి దాని లోపలికి తొంగి చూస్తే నల్లటి అట్టలాంటిది కనిపిస్తుంది. అదే తొడుగు. ఎవరూ వంగి చూడరు. టైరు ఎగజిమ్మే బురద, నీళ్లు, కంకర అన్నీ ముందు దాని మొహానే పడతాయి. కారు కొనేవాడు రంగు చూస్తాడు, అద్దాలు చూస్తాడు, సీటు నొక్కి చూస్తాడు. బతుకంతా దెబ్బలు తినేదాన్ని మాత్రం చూడడు. ఇది ఒక్క కార్ల విషయమే అనుకునేవాళ్లు సుఖంగా ఉండండి.

ఇదివరకటి తొడుగు గట్టి ప్లాస్టిక్. రాయి తగిలితే డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు మోగేది. తొడుగమ్మ దాన్ని తీసేసింది. పాత నీళ్ల సీసాలు కరిగించి తీసిన పోగుతో కంబళిలాంటి దళసరి గుడ్డ చేయించి, వేడి అచ్చులో అదిమి వంపు తిప్పించింది. చక్రం వైపు ముఖాన్ని వేడికి కాస్త కరిగించి నున్నగా చేసింది, బురద జారిపోవాలని. లోపలివైపు మెత్తగా వదిలేసింది, చప్పుడును మింగాలని. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు బండి గుంతలో దిగబడినా టైరు రాసుకోకుండా వేలెడు సందు ఉంచింది. అడుగున నీళ్లు పోవడానికి ఓ చీలిక పెట్టింది. తొమ్మిదిసార్లు గీసి, ఎనిమిదిసార్లు చింపింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, వాళ్ల నాన్న ముప్పై ఒక్క ఏళ్లుగా ట్యాక్సీ తోలుతున్నాడు. ఈ కంపెనీ చిన్న కారును ఎక్కువగా కొనేది ట్యాక్సీవాళ్లే. రోజుకు పది గంటలు అందులో కూర్చున్న ఆ పెద్దమనిషి ఇప్పుడు ఇంట్లో ఉప్పు అడిగితే, మూడిళ్ల అవతలివాళ్లు ఉప్పు పట్టుకొస్తారు. చెవుల్లో మిగిలింది కాస్తే, దాన్ని కాపాడుకోమన్నాడు డాక్టరు. ఈ నెలాఖరుకు కొత్త కారు అచ్చులకు ఉక్కు కోస్తారు. ఆలోగా రెండు విభాగాలూ సంతకం పెడితే మెత్తటి తొడుగు. పెట్టకపోతే పాత డబ్బా తొడుగే, ఇంకో ఏడేళ్లు.

ముందు బురద.

బురద విభాగం పెద్దను అందరూ బురద సారు అంటారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నెమ్మదైన మాట.

"బురద తెచ్చుకున్నావామ్మా?" అన్నాడు.

"బయట వాన కురుస్తోంది సార్. గేటు దగ్గర చీలమండ దాకా ఉంది. ఎంత కావాలంటే అంత."

"అది బురద కాదమ్మా."

"మరేంటి సార్?"

"రోడ్డు పాడైపోవడం. బురదంటే ధ్రువపత్రం ఉండాలి."

ధ్రువపత్రం ఉన్న బురద ఆరు వారాలకు సీలు వేసిన డబ్బాల్లో వచ్చింది. డబ్బా మీద 'పొడి ప్రదేశంలో భద్రపరచవలెను' అని ఉంది. భద్రపరిచారు. బురద కూడా బుద్ధిగా ఎండి ఇటుకైంది. దాన్ని నానబెట్టడానికి నీళ్ల ధ్రువపత్రం కావాలన్నారు, అదీ తెచ్చింది. తీరా చూస్తే పరీక్షకొచ్చే కారు మచ్చలేకుండా ఉండాలని నిబంధన. పరీక్షశాలకున్నది ఒకటే దారి, ఆ గేటు బురదలోంచే. మూడుసార్లు కారు కడిగి పంపితే, మూడుసార్లూ 'పరీక్షకు ముందే బురద అంటినది' అని చీటీ అంటించి తిప్పి పంపారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలు ఈ కంపెనీలో పని చేసి ఉండరు. ఇక్కడ కాలు కడుక్కుంటేనే అడుసు తొక్కనిస్తారు.

నాలుగోసారి తొడుగమ్మ కారును లారీకెక్కించి లోపలికి తెచ్చింది. లారీకి చక్రాల దాకా బురదే. కానీ లారీ పరీక్షకు రాలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. బురద జర్రున జారిపోయింది. తొడుగు విప్పి వెనక ఎంత చేరిందో తూచబోతే తూచడానికేమీ లేదు. బురద సారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"సున్నా!" అన్నాడు పిల్లాడిలా. "ఇరవై రెండేళ్ల సర్వీసులో సున్నా రాయడం ఇదే మొదలమ్మా. మా దగ్గర సున్నాకు విలువుంది. ఎదుటి గదిలో సంగతి నాకు తెలీదు."

ఎదుటి గది కీచుమని తెరుచుకుంది.

చప్పుడు మేడమ్ గుసగుసగా తప్ప మాట్లాడదు. ఆవిడ కింద 'నిశ్శబ్దమిత్ర' అని ఒక యాప్ పనిచేస్తుంది, ఆ యాప్ కింద ఆవిడ పనిచేస్తుంది. కంకర దారి మీద ఎనభై వేగంతో వెళ్తున్న కారులో చప్పుడు కొలిచి యాప్‌లో నింపాలి. పాత తొడుగుకు డెబ్భై ఒక్క డెసిబెల్ వచ్చేది. కొత్తదానికి యాభై ఎనిమిది. తొడుగమ్మ ఆ అంకెను మురిసిపోతూ నింపింది. యాప్ ఎర్రబడింది.

'బండి కదలలేదు. మళ్లీ ప్రయత్నించండి.'

"మేడమ్, బండి కదిలింది. నేనే అందులో ఉన్నా."

"నువ్వు కదిలి ఉంటావు," అంది చప్పుడు మేడమ్ గుసగుసగా. "రికార్డు ప్రకారం బండి కదల్లేదు."

"పెట్రోలు ఖర్చయింది. టైర్లు అరిగాయి. వెనక దుమ్ము లేచింది!"

"దుమ్ము ఎదుటి గది. గట్టిగా మాట్లాడకు."

సంగతేంటంటే, ఎనిమిదేళ్ల కిందట ఒక మహానుభావుడు కారును షెడ్డులోనే ఉంచి, తాను క్యాంటీన్‌లో కూర్చుని, నలభై అని రాసి పంపేవాడు. పట్టుబడ్డాడు. అతన్ని ఏమీ అనలేదు. (తర్వాత ప్రమోషనొచ్చింది.) నిబంధన మాత్రం పెట్టారు: అరవై నాలుగుకు తక్కువ వస్తే బండి కదలలేదని భావించాలి, డెబ్భై రెండుకు మించితే తొడుగు పనికిరాదని భావించాలి. ఒకడు దొంగతనం చేస్తే ఊరందరి చేతులూ కట్టేయడమే మనకు తెలిసిన న్యాయం.

"మరి ఆ అరవై నాలుగును మార్చండి మేడమ్."

"దానికో దరఖాస్తుంది. అరవై నాలుగు కంటే తక్కువ వచ్చి ఆమోదం పొందిన పరీక్షలు మూడు జతచెయ్యాలి."

"అరవై నాలుగు కంటే తక్కువొస్తే ఆమోదమే ఇవ్వరు కదా!"

"అందుకే ఇంతవరకు ఒక్క దరఖాస్తూ రాలేదు." ఆవిడ అటూ ఇటూ చూసి, ఇంకా చిన్న గొంతుతో, "తొడుగుకు నాలుగు చిల్లులు పెట్టుకో తల్లీ, చప్పుడు అదే పెరుగుతుంది. ఎందుకొచ్చిన గొడవ," అంది.

"చిల్లులు పెడితే బురదొస్తుంది."

"బురద పరీక్ష పాసయ్యావుగా!"

తొడుగమ్మ చిల్లులు పెట్టనంది. పై అధికారి దగ్గరికెళ్లింది. ఆయన ఆవిడ మాటంతా విని, నిశ్శబ్దం మన సంస్థ ఊపిరి అన్నాడు. ఇంకా పై ఆయన సెలవులో ఉన్నాడు. ఆ పైన మిద్దె. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది, ఇక్కడ శంఖానికి కూడా అరవై నాలుగు రావాలి.

గడువు చివరి రోజు ఉదయం నాన్నే ఆవిడను ట్యాక్సీలో దించాడు. దించి ఊరుకోలేదు. "ఏదీ నీ కంబళి? నేనూ చూస్తా!" అన్నాడు. గేటు కాపలాదారు ఆ కేకకు లేచి నిలబడి సలాం కొట్టి లోపలికి వదిలాడు, ఎవరో పెద్ద అధికారి అనుకుని.

ఆఖరి పరీక్షకు కారు సిద్ధంగా ఉంది. తొడుగమ్మ స్టీరింగ్ ముందు, మేడమ్ పక్క సీట్లో కొలిచే యంత్రం ఒళ్లో పెట్టుకుని, నాన్న వెనక సీట్లో.

"నాన్నా, ఐదు నిమిషాలు నోరు మెదపకు."

"నేనెందుకు మాట్లాడతానే!" అన్నాడు నాన్న. పరీక్షశాల కిటికీ అద్దాలు అదిరాయి.

కారు కంకర మీదికెక్కింది. యంత్రం యాభై ఎనిమిది దగ్గర కునుకు తీసింది. నాన్న కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత మొహం చిట్లించాడు.

"అమ్మడూ, ఇంజను ఆగిందేంటే?"

"ఆగలేదు నాన్నా, వెళ్తున్నాం," అంది, ముందుకే చూస్తూ, మామూలు గొంతుతో.

నాన్న ముందు సీటు మీదికి వంగాడు.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"వెళ్తున్నాం అన్నా."

"వినపడిందే!" నాన్న సీట్లోంచి లేవబోయి నెత్తి పైకప్పుకు తగిలించుకున్నాడు. "బండిలో నీ మాట వినపడిందే! అరవకుండా అన్నావ్, వినపడింది! నీ గొంతు అచ్చం మీ నాయనమ్మదే! ఇన్నేళ్లూ చెప్పరేంటర్రా ఎవరూ!"

ఇక ఆపడం ఎవరి తరం? కూడలిలో చెయ్యి చూపకుండా తిరిగేవాళ్ల గురించి, అద్దం దించి ఉమ్మేవాళ్ల గురించి, ఎక్కగానే నిద్రపోయి దిగాల్సిన చోటు చెప్పనివాళ్ల గురించి, ముప్పై ఒక్క ఏళ్లుగా దాచుకున్నదంతా చెప్పాడు. యంత్రం ముల్లు నిద్ర లేచింది. డెబ్భై ఒకటి. యాప్ పచ్చబడింది.

'బండి కదిలినది. ఆమోదించడమైనది.'

"అభినందనలు," అంది చప్పుడు మేడమ్, చెవులు మూసుకుని.

"అది మా నాన్న మేడమ్, కారు కాదు."

"అబద్ధం రాయమనలేదుగా. మూలం అనే గడి ఉంది, రాయి."

తొడుగమ్మ 'శబ్దమూలం: నాన్న' అని నిజమే రాసింది. సంతకాలు పడ్డాయి. అచ్చులకు ఉక్కు కోశారు. మెత్తటి తొడుగు ఒక్క చిల్లు లేకుండా తయారీలోకెళ్లింది. ఆ రోజు క్యాంటీన్‌లో బురద సారు అందరికీ టీ పోయించాడు.

వారం తర్వాత నాణ్యతా విభాగం నుంచి లేఖ వచ్చింది. పరీక్షలో కారు ఏ స్థితిలో ఉందో, అమ్మే ప్రతి కారూ అదే స్థితిలో ఉండాలి. పరీక్షలో వెనక సీట్లో ఒక నాన్న ఉన్నట్టు రికార్డు. కారుకొక నాన్నను సరఫరా చేయడం సాధ్యమేనా అని ఉద్యోగ నియామకాల వారిని అడిగారు. వయోపరిమితి దాటిందని వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి నాన్న గొంతును రికార్డు చేసి, ప్రతి కారు వెనక సీటు కింద చిన్న స్పీకరు బిగించాలని తీర్మానించారు. నాన్న కొత్త చొక్కా వేసుకొచ్చి రెండు గంటలు ఆపకుండా మాట్లాడి వెళ్లాడు. అమ్మ మాత్రం ఆ కారు ఎక్కనంది. "ఇంట్లో ఒకరు చాలు," అంది.

కొత్త కారు బజారుకొచ్చింది. చక్రాల గూట్లోంచి చప్పుడు లేదు, బురద లేదు, అందరూ మెచ్చుకున్నారు. కానీ ఎనభై దాటగానే వెనక సీటు కింది నుంచి ఎవరో తిడుతున్నారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కంపెనీ వెంటనే స్పందించింది. ఆ గొంతును ఆపడానికి ఒక మీట కనిపెట్టి, దానికి 'ప్రశాంతి' అని పేరు పెట్టి, అన్నిటికంటే ఖరీదైన రకం కారులో బిగించింది.

ట్యాక్సీ రకంలో కూడా ఆ మీట పెట్టాలని తొడుగమ్మ నాలుగు పేజీల లేఖ రాసింది. కంపెనీ దాన్ని తోసిపుచ్చలేదు, పద్ధతిగా సర్వే చేయించింది. ఇరవై ఏళ్లకు పైబడి బండి నడిపిన డ్రైవర్లను అడిగితే, తమకు కారులో చప్పుడేదీ వినపడటం లేదని నూటికి తొంభై మంది చెప్పారు.