మడి పెట్రోలు

ఇంటికో మోటారు ఉండాలి. అది కదలకూడదు! ఈ రెండూ అమరిన గృహస్థుడే అదృష్టవంతుడని నేను బల్ల గుద్ది చెప్పగలను.

నవ్వకండి. కదిలే మోటారు వల్ల ఎవరికేం ఒరిగింది? దుమ్ము లేస్తుంది. కోళ్ళు చస్తాయి. బరంపురంలో బంధువుల ఇంటికి మనమూ, మన ఇంటికి వాళ్ళూ నెలకి నాలుగేసిసార్లు వచ్చిపోయి, ఉన్న కాస్త అభిమానమూ చెడగొట్టుకుంటాం. కదలని మోటారు వల్ల ఈ పాపాలేవీ లేవు. నీడన పడి ఉంటుంది. అడిగినవాళ్ళతో "మాకూ మోటారుందండీ" అని దర్జాగా చెప్పుకోవచ్చు.

మా బావగారు నీలకంఠం గారికి సరిగ్గా అలాంటి మోటారు ఉంది. ఆయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరై కొడలలో స్థిరపడ్డారు. నేను అదే ఊళ్ళో బోర్డు స్కూలు మేష్టర్ని. ఎవరో దొర మద్రాసు వెళ్ళిపోతూ వేలం వేసిన పాత కారు అది. బావగారు దాని వెనక భాగం కోయించి, వడ్రంగి చేత చెక్కతొట్టి కట్టించి, ముందు ఇద్దరు మనుషులూ వెనక పది బస్తాలూ పట్టే బుల్లి లారీ చేయించారు.

ఆ మోటారు మా వీధికి చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు! ముందు నుంచి స్టార్టు చేసే హేండిల్ తిప్పీ తిప్పీ మగాళ్ళందరికీ కండలొచ్చాయి. గంజాం జిల్లా తెలుగువాళ్ళదా ఒడియావాళ్ళదా అని ఊరూరా తగువులాడుకుంటున్నారు కదా, ఆ తగువు మా మోటారు వెనక ఒక్కనాడు కూడా వినపడలేదు. "కణ హెలా?" అంటూ ఒడియాలో ఒకడొస్తాడు, "ఏటయినాది?" అంటూ ఇంకొకడొస్తాడు. ఇద్దరూ కలిసి ఒకే తొట్టికి భుజం పెడతారు. ఈ సంగతి మద్రాసులో పెద్దలకి తెలిస్తే, కమిటీలు మానేసి ఊరికో చెడిపోయిన మోటారు శాంక్షన్ చేసేవారు!

ఇంతకీ అది ఎందుకు కదలదు? పాతదవడం వల్ల అనుకునేరు. కాదు. మడి వల్ల.

బావగారు నిష్ఠాపరులు. ఈ మోటారుకి పెట్రోలు తొట్టి సీటు కిందే ఉంటుంది. ఆ సీటు మీదే ఆయన పట్టుపంచె కట్టుకుని కూర్చోవాలి. పెట్రోలేమో డబ్బాల్లో వస్తుంది. దాంట్లో నీరుంటుంది, నలుసులుంటాయి. మెత్తటి తోలుముక్కలో వడకట్టి పొయ్యాలి, అప్పుడు నీరు పైన ఆగిపోతుంది. గంజాం జిల్లాలో మోటారు నడిపే ప్రతివాడికీ ఇది తెలుసు. కానీ తోలు! తోలులోంచి కారిన పెట్రోలు మీద కూర్చుని లేచిన మనిషి సంధ్యావందనానికి పనికొస్తాడా? మీరే చెప్పండి!

అందుకని మా వాళ్ళింట్లో పెట్రోలు మడిగా పోస్తారు. బావగారి తల్లి బాలాంబ గారు స్నానం చేసి, తడిబట్టతోనే వచ్చి, బరంపురం బడా బజారులో కొన్న పాత పట్టుపంచె ముక్కొకటి గరాటు మూతికి కట్టి, గోవింద నామం చెప్పుకుంటూ పోస్తారు. ఆ గుడ్డలోంచి పెట్రోలూ దిగుతుంది, నీరూ దిగుతుంది, ఊడిన పట్టుపోగులూ దిగుతాయి. ఎవర్నీ కాదనే గుణం కాదు దానిది.

డ్రైవరు సూరన్న పొడంపేట వాడు. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, బరంపురంలో మోటారు పని నేర్చుకున్నాడు. వాడు స్టీరింగు పట్టుకోవచ్చు, హేండిల్ తిప్పొచ్చు, బురదలో దిగబడితే భుజం పెట్టొచ్చు. పెట్రోలు తొట్టీ, గొట్టమూ, కార్బురేటరూ మాత్రం ముట్టుకోకూడదు. అవి మడి! అంటే ఏవి చెడతాయో వాటిని ముట్టకూడదు, ఏవి చెడవో వాటిని ఎంతసేపైనా నిమురుకోవచ్చు. మన ఆఫీసుల్లో కూడా పని ఇంత పద్ధతిగా పంచలేదు. ముందు సీట్లో బావగారికీ వాడికీ మధ్య ఒక చెక్క అడ్డం ఉంది. చెక్క కింద పెట్రోలు ఇటు నుంచి అటు పోతుంది కదా అని నేనొకసారి అడగబోయి మానుకున్నాను.

ఇక మా మేనకోడలు భారతీదేవి సంగతి. మా అక్క పోయాక బావగారికి మిగిలిన ఒక్క పిల్ల. పందొమ్మిదేళ్ళు. మొగుడు గుమాస్తా ఉద్యోగమని రంగూన్ స్టీమరెక్కి మూడేళ్ళయింది. ఉత్తరం ముక్క లేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని రంగూన్ నుంచి వచ్చినవాళ్ళంతా చెప్పారు. బావగారొక్కరే నమ్మరు. "వస్తాడు" అంటారు. పిల్ల ఇల్లు కదలనంత కాలం అల్లుడు రాబోతున్నట్టే లెక్క. పిల్ల ఉద్యోగానికి వెళ్ళిందంటే, అల్లుడు ఇక రాడని ఊరికి దండోరా వేసినట్టే కదా!

పిల్ల మాత్రం ఆ రంగూన్ కబురు నమ్మింది. నమ్మి, నా దగ్గర లెక్కలూ ఇంగ్లీషూ చదువుకుని, బరంపురంలో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూలుకి దరఖాస్తు పెట్టింది. సోమవారం పదకొండు గంటలకి పరీక్షకి రమ్మని కార్డొచ్చింది. పరీక్ష ఏడాదికొక్కటే. పైయేటికి దాని వయసు దాటిపోతుంది.

బావగారు వద్దన్నారా? అబ్బే, ఎంత మాట! "ఇంట్లో మోటారుండగా రైలెందుకు? నేనే దిగబెడతాను" అన్నారు. రైలు పట్టుకోవాలంటే ఆదివారమే ఎడ్లబండి కట్టించాలి. ఆదివారం ఆ ధీమాతోనే గడిచిపోయింది.

అంతకు రెండ్రోజుల ముందు సూరన్న మా బడి దగ్గరికొచ్చాడు. "మేస్టరుబాబూ, ఏటంటే, బండి దగ్గుతంది. గొట్టంలో నీరు దిగినాది. పెద్దబాబుకి సెప్పినాను, ఇన్నేదు. మీరొక్క మాట సెప్పండి" అన్నాడు.

చెబుదామనే వెళ్ళాను. బావగారు భోజనం చేస్తున్నారు. భోజనం చేస్తున్న మనిషి దగ్గర తోలు మాట ఎలా ఎత్తేది? తరవాత ఆయన నిద్రపోయారు. ఆయన లేచేసరికి నాకు భయం వేసింది. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

సోమవారం పొద్దున్న ఆరింటికి భారతి మోటారు వెనక చెక్కతొట్టిలో కూర్చుంది. ఒళ్ళో కలమూ, సిరాబుడ్డీ, కార్డూ. సూరన్న హేండిల్ నలభైసార్లు తిప్పాడు. మోటారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. వీధంతా చేరింది. తోశారు. గుమ్మం ముందు నుంచి నడిరోడ్డు దాకా వచ్చి అడ్డంగా ఆగింది. మళ్ళీ తోస్తే అక్కడే ముందుకీ వెనక్కీ ఊగింది తప్ప పలకలేదు.

సూరన్న ప్లగ్గు తీగ ఊడదీసి, ఇనుముకి దగ్గరగా పెట్టి, హేండిల్ తిప్పించి చూశాడు. చిటుక్కున మెరిసింది. "నిప్పుంది" అన్నాడు. బావగారు స్వయంగా పెట్రోలు తొట్టిలో వెదురుపుల్ల ముంచి తీశారు. సగం దాకా తడిసింది. "పెట్రోలూ ఉంది" అన్నారు, దాంతో కేసు కొట్టేసినట్టు. కార్బురేటరు కింద బుల్లి కుళాయి కూడా ఆయనే తిప్పారు. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి.

సూరన్న చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. "నిప్పుంది బాబూ, నూనుంది. నిప్పు కాడికి నూని ఎల్లటం నేదు. దారిలో అడ్డం పడినాది. గొట్టం ఇప్పి ఊదేసి, అడుగు గిన్నెలో నీరు పారబోసి, నూని తోలుతో వడకట్టి పోస్తే అయిపోద్ది. పావుగంట పని."

పావుగంట పని! ఆ పావుగంట ఎవరు చెయ్యాలన్న దానిమీద గంటంపావు చర్చ జరిగింది. సూరన్న ముట్టుకుంటే మైల. నోటితో ఊదితే, పైన ఎంగిలి కూడా. బావగారు ఊదుదామంటే, ఊదిన నోటితో ఆచమనం ఎలా? జపానికి వాడే జింకతోలు మడే కదా, దాంతో వడకడదామా అని నేను నసిగాను. "జింకతోలు కూర్చోడానికిరా, పెట్రోలుకి కాదు" అన్నారు బావగారు. కడిగేస్తే మైల పోతుందని వీధి చివర పురోహితుడు అన్నాడు. దేంతో కడగాలన్నది మళ్ళీ తేలలేదు.

"నేను ఊదుతాను నాన్నగారూ" అంది భారతి.

"ఆడపిల్లవి, నడివీధిలో గొట్టం ఊదుతావా? పరువుందా లేదా?"

మేమందరం మోటారుకేసి చూస్తున్నాం. భారతి ఒక్కతే తండ్రికేసి చూస్తోంది. అడ్డం ఎక్కడ పడిందో మా అందరికన్నా ముందు దానికే తెలిసింది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏడున్నర దాటాక పొడంపేట చేపల లారీ వచ్చింది. కొడల సంతలో సగం సరుకు దింపి, మిగతాది బరంపురం పట్టుకెళ్ళే లారీ. అది తోలుతో వడకట్టిన పెట్రోలు తాగుతుంది. కంపు కొడుతుంది. రోజూ వేళకి వెళ్తుంది! మా మోటారు రోడ్డుకి అడ్డంగా ఉండడంతో ఆగింది. పైన గంపల మధ్య చేపలు అమ్మే కాసమ్మ కూచునుంది.

"ఏటమ్మా, ఎక్కడికి పోవాల?"

"బరంపురం. పరీక్షుంది."

"అయితే ఎక్కు తల్లీ. సేపలు కరవవులే."

భారతి దిగింది. నా వైపు చూసింది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను. నోరు మూసుకోవడంలో నాకు మంచి అభ్యాసం ఉంది. అది కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కాసమ్మ చెయ్యి పట్టుకుని, గంపల మధ్యకి ఎక్కేసింది. రోడ్డు వారనించి తప్పుకుని లారీ వెళ్ళిపోయింది.

అప్పుడు కదా పాఠకులారా, మా బావగారి నిష్ఠ చూడవలసింది!

"ఒరే సూరన్నా! గొట్టం విప్పు! ఊదు! తోలుంటే తీసుకురా, ఏం తోలైనా సరే! పావుగంటలో బండి కదలాలి. దారిలో పట్టుకుని దాన్ని దింపుకురావాలి!"

బాలాంబ గారు గరాటుకున్న మడిగుడ్డ తనే ఊడదీసి పక్కన పారేశారు. పురోహితుడు అభ్యంతరం చెప్పలేదు. చూశారా ధర్మసూక్ష్మం! పిల్లని పరీక్షకి తీసుకెళ్ళాలంటే తోలు మహాపాపం. పరీక్ష నుంచి లాక్కురావాలంటే అదే తోలు పరమ పవిత్రం!

సూరన్న రోడ్డుకేసి చూశాడు. దుమ్ము ఇంకా అణగలేదు. వాడి చొక్కా జేబులోంచి తోలుముక్క కొస నాకు కనపడుతూనే ఉంది. మొదట్నించీ ఉందది. వాడు చేతులు నెమ్మదిగా వెనక్కి కట్టుకున్నాడు.

"వద్దు బాబూ. మడి సెడిపోద్ది."

"నేను చెబుతున్నాను కదరా!"

"తమరు సెప్తారు బాబూ. పాపం నాకు సుట్టుకుంటాది."

"ఉద్యోగంలోంచి తీసేస్తాను!"

"సిత్తం" అన్నాడు సూరన్న. హేండిల్ తీసి మెట్టు మీద పెట్టి, తలగుడ్డ సర్దుకుని, పొడంపేట దారి పట్టాడు. ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురున్నారు వాడికి. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

బావగారు నా వైపు తిరిగారు. "నువ్వు రోజూ వాడి పక్కన నించుని చూస్తావు కదా. గొట్టం విప్పడం నీకొచ్చు కదూ?"

నాకొచ్చు. సూరన్న సెలవు రోజుల్లో వేరే వాళ్ళ మోటార్లకి చేస్తుంటే రెండుసార్లు పక్కనుండి చూశాను. ఒకసారి నా చేత కూడా విప్పించాడు. పావుగంట కూడా పట్టదు.

"నాకు రాదు బావగారూ" అన్నాను.

ఇరవై ఏళ్ళలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. ఆయన గుమ్మంలో కూర్చుని రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయారు. నేను ఆ పూట బడి మానేసి మోటారుకి ఆనుకుని నించున్నాను, ఎవరైనా వచ్చి విప్పుతారేమోనని కాపలాగా. ఎండ ఎక్కింది. మా బళ్ళో పదకొండు గంటల బెల్లు కొట్టారు. మోటారు అంగుళం కదల్లేదు.