తప్పంతా ట్రీలోనే ఉంది

తొమ్మిదికల్లా ఒక్క వరుస సరిచేయాలి, పదకొండింటికి మేనేజరుకు వెలిగే తెర చూపించాలి. ఆ ఉదయం కోడలి పథకం అంతే. పాత ఫోనులో లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. అన్నీ పనిచేస్తున్నాయి, తెర మాత్రం నల్లగా మొహం ముడుచుకుని కూర్చుంది. ఫోనులో ఏ భాగానికి ఏ రెగ్యులేటరు నుంచి ఎంత కరెంటు అందాలో రాసి ఉండే ఫైలును డివైస్ ట్రీ అంటారు. వారం రోజులుగా ఆమె తల అందులోనే ఉంది. ఇవాళ కూడా తెర వెలగకపోతే పని పక్క టీముకు పోతుంది.

తొమ్మిదిన్నరకు ఓపిక నశించి, తోటి ఇంజనీరుకు ఫోన్ చేసి అరిచింది. "తప్పంతా ట్రీలోనే ఉంది! ప్యానెల్‌కి కరెంటు అందట్లేదు. రెగ్యులేటర్ మార్చి చూశా, లాభం లేదు!"

హాల్లో పేపరు చదువుతున్న మామగారు చెవులు రిక్కించారు. కోడలు అవస్థ పడుతుంటే చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదాయన. కరెంటు తీగ మీదికి వాలిన పక్కింటి చెట్టు కళ్ళముందు మెదిలింది. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, రంపం పట్టుకుని నిచ్చెన ఎక్కేశారు.

కాసేపటికి పక్కింటావిడ గొంతు వీధంతా మోగింది. "మా చెట్టు మీకేం అపకారం చేసిందండీ?"

"మా కోడలు ఇంజనీరు! తప్పంతా ట్రీలోనే ఉందని తేల్చేసింది!"

కోడలు పరుగున వచ్చింది. "అయ్యో మామయ్యగారూ, ఆ ట్రీ కాదు! నా ట్రీ ఫోన్లో ఉంది!"

"ఫోన్లో చెట్టేమిటమ్మా?" పక్కింటావిడ కోపం కాస్తా జాలిగా మారింది. "రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పడుతోందా?"

జవాబు చెప్పేలోపే ఇల్లంతా కరెంటు పోయింది. లోపల ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపేశాడు. సేవ్ చేయని మార్పులన్నీ మింగేసి ఆమె కంప్యూటరు కన్నుమూసింది. గడియారంలో పదిన్నర.

"మెయిన్ ఎందుకాపావయ్యా?"

"ఆపకుండా రెగ్యులేటర్ ఎలా మార్చమంటారు మేడం? షాక్ కొట్టి పోనా?"

కోడలు పనిచేసుకునే కిటికీ లేని గదిలో అతను టార్చి వేసి, ఫ్యాన్ రెగ్యులేటరు కోసం గోడలు వెతికాడు. వెలుగు బల్లమీది ఫోను మీద పడింది. "ఇది బాగానే ఉందే మేడం. అక్షరాలు కనబడుతున్నాయిగా?"

"వేళాకోళమా?" అంటూ వంగి చూసింది. టార్చి వెలుగులో, నల్లటి తెరమీద, మసకమసకగా అక్షరాలు! అక్షరాలు చూపే ప్యానెల్‌కు కరెంటు శుభ్రంగా అందుతోంది. అందనిది తెర వెనక దీపానికి. దాని రెగ్యులేటరు గురించి ఆమె ట్రీలో ఒక్క ముక్కా రాయలేదు.

మెయిన్ వేయించి, ఆ ముక్క రాసింది. పదకొండుకు రెండు నిమిషాలుండగా తెర భళ్ళున వెలిగింది.

తప్పు ఎలా బయటపడిందని రిపోర్టులో అడిగినచోట, ఆమె 'క్రమపద్ధతిలో జరిపిన పరిశీలన వల్ల' అని రాసింది.