రేవులో కనిపించకూడని ముళ్ళు

ఒక పెద్ద అడవిలో మృగాలు తక్కువ, పెద్దమనుషులు ఎక్కువ. పెద్దమనుషులున్న చోట సంఘం ఉంటుంది, సంఘం ఉన్న చోట తీర్మానాలుంటాయి. అలా పుట్టిందే ఆయుధాల చట్టం. బయటికి కనిపించేలా ఆయుధం పెట్టుకుని ఏ జంతువూ వాగు రేవులో దిగకూడదు. దిగితే దాన్ని ఊడబెరుకుతారు.

అది నడివేసవి. అడవి మొత్తానికి నీళ్ళున్నది ఆ రేవులోనే.

చట్టం ఎందుకొచ్చిందో ఏదుపంది గవరమ్మకు బాగా తెలుసు. సాయంత్రం పిల్లలిద్దరినీ వెంటేసుకుని రేవుకు పోతూ, పొదలో ఆకు కదిలితే చాలు, ఒంటి మీది ముళ్ళు విప్పి గలగలలాడించేది. నేనిక్కడున్నాను, దగ్గరికి రాకు అని దానర్థం. ఆ చప్పుడుకు చిరుతపులి చలమయ్య వెనక్కి తగ్గేవాడు. పనిలో పనిగా జింకలూ కుందేళ్ళూ కూడా తప్పించుకునేవి. వరసగా పస్తులు పడ్డాక, రేవులో ప్రశాంతత కరువైందని చలమయ్య సంఘానికి మొరపెట్టుకున్నాడు.

చట్టానికి అర్థం చెప్పే పని కొంగది. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

అధ్యక్షుడు ఏనుగు తన దంతాల సంగతేమిటని అడిగితే, అవి ఆయుధాలు కావు, హోదా అన్నాడు. నాగుపాము అడిగితే, నోట్లో ఉన్నదేదైనా వాక్కు కిందికే వస్తుంది, వాక్కుకు స్వేచ్ఛ ఉంది అన్నాడు. చలమయ్య మెత్తటి పంజా చాపాడు. గోళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"కనిపించనిది లేనట్టే," అన్నాడు కొంగ. "ఇంత మెత్తటి చెయ్యి ఈ అడవిలోనే లేదు."

కొంగ ముక్కు గురించి ఎవరూ అడగలేదు. అడగాలంటే దాని ఎదురుగా నిలబడాలి.

ఇక మిగిలింది గవరమ్మ. తన ముళ్ళు ఎవరి మీదికీ పోవనీ, మీదికొచ్చినవాళ్ళకే గుచ్చుకుంటాయనీ ఆమె చెప్పుకుంది. కొంగ ఒక కన్ను తెరిచాడు.

"ఆడకూతురివి, ఇన్ని ముళ్ళెందుకమ్మా? అణకువగా ఉంటే నిన్నెవరేం చేస్తారు?"

"అణకువగా ఉన్న కుందేలమ్మను ఏం చేశారో అడగండి బాబూ."

"ఆవిడేదీ? ఎవర్ని అడగమంటావు?"

"నేననేదీ అదే."

ఏనుగు తొండం ఊపి సభ చాలించాడు. రేపు ఒక్క ముల్లు కనిపించినా అన్నీ పెరికేస్తామన్నాడు. గవరమ్మ పిల్లలకు ఇంకా ముళ్ళు గట్టిపడలేదు. తల్లి ముళ్ళు పోతే వాళ్ళు చిరుత పాలు. రేవుకు పోకపోతే దాహానికి పోతారు.

మర్నాడు గవరమ్మ ముళ్ళన్నీ వెనక్కి ఒత్తుకుని బోర్లా పడుకుంది. పిల్లలు తుమ్మబంక పూసి మోదుగాకులు అతికించారు.

"అమ్మా, విస్తరాకుల కట్టలా ఉన్నావే," అని పెద్దది నవ్వింది.

రేవు దగ్గర కొంగ ఆమె చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క ముల్లూ కనిపించలేదు. ఇప్పుడు చూడు ఎంత ముచ్చటగా ఉన్నావో అని మెచ్చుకున్నాడు కూడా. గవరమ్మ అందరూ వినేలా అడిగింది.

"అయితే నా దగ్గర ఆయుధం లేనట్టేనా బాబూ?"

"కనిపించనిది లేనట్టే."

పొదలోంచి చలమయ్య ఆ మాట విన్నాడు. ఆ అడవిలో చట్టాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఆయనొక్కడే. పైగా ఎదురుగా ఉన్నది వడ్డించిన విస్తరి.

పిల్లలు నీళ్ళకు వంగారు. వెనక పొద కదిలింది. గవరమ్మ అలవాటు కొద్దీ ముళ్ళు విదిలించబోయింది. బంక పట్టేసింది, గలగల రాలేదు. పిల్లల్ని పొట్టకిందికి లాక్కుని, వీపు పొదవైపే ఉంచి కళ్ళు మూసుకుంది. చిరుత నోరంతా తెరిచి దూకాడు.

అరుపు అవతలి కొండ దాకా వినిపించింది. అది గవరమ్మది కాదు.

సంఘం పరుగున వచ్చింది. చలమయ్య మూతి నిండా, గడ్డం నిండా ముళ్ళు, పెళ్ళికొడుక్కి బాసికం కట్టినట్టు. నోరు మూతపడక, మాట పెగలక, ఆమెవైపు పంజా చూపించాడు. నొప్పికి గోళ్ళు కూడా బయటికొచ్చేశాయి.

గవరమ్మ వీపు మీది ఆకుల్లో చిరుత నోరంత బొక్క పడింది. ఆ మేర ముళ్ళే లేవు. అన్నీ చలమయ్య దగ్గరికే పోయాయి.

"చట్టప్రకారమే చూడండి బాబూ," అందామె. "ఆయుధాలు ఎవరి ఒంటిమీద కనిపిస్తున్నాయి?"

కొంగ ఈసారి రెండు కళ్ళూ తెరిచాడు. అవి నీవే కదమ్మా అని నసిగాడు.

"నావే అయితే ఆయన నోట్లోకి ఎలా వెళ్ళాయో ఆయన్నే చెప్పమనండి."

చలమయ్య చెప్పలేదు. చెబితే నోరు ఎక్కడ పెట్టాడో చెప్పాలి.

గత్యంతరం లేక ఏనుగు తొండం చాచి ముళ్ళు పెరకసాగాడు. ఒక్కోదానికి ఒక్కో కేక. అవి అయిపోగానే, గోళ్ళు కూడా కనిపిస్తున్నాయిగా అంది ఒక జింక, ఎవరినీ అననట్టు. ఆ తర్వాత జింకల మంద చూపు మెల్లగా ఏనుగు దంతాల మీదికి పోయింది. అక్కణ్ణుంచి కొంగ ముక్కు మీదికి పోయింది.

పొద్దు గూకక ముందే చట్టం రద్దయింది. ప్రజల సౌకర్యం కోసమట. గవరమ్మ బండకు ఒళ్ళు రుద్దుకుని ఆకులు ఊడదీసుకుంది. మర్నాటి సాయంత్రం రేవులో మళ్ళీ గలగల వినిపించింది.

నీతి: చట్టానికి ఎన్నడూ ఎదురు తిరగకండి; పెద్దలు చెప్పినట్టు తు.చ. తప్పకుండా పాటించండి, వాళ్ళే రద్దు చేసుకుంటారు.